పులికాట్ సరస్సులో 'పాడు'

మనకు 'పాడు' అంటే చెడిపోయింది, లేదా పాట పాడమని. పళవేర్కాడు జాలర్ల తమిళంలో మాత్రం పాడు అంటే వంతు ప్రకారం వల వేసుకునే పద్ధతి. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి కనక ఈ మాట దగ్గర ఆగిపోయాను. పాత తెలుగులో 'పాడి' అంటే న్యాయం. చుట్టరికం కలపను గానీ, అర్థం దగ్గరగానే ఉంది.

పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోది. పళవేర్కాడు దగ్గరి మొగ తమిళనాడులోది. రొయ్యపిల్లలు సముద్రం నుంచి మొగ గుండా లోపలికొచ్చి, పెరిగి, తిరిగి అటే పోతాయి. ఆ దారిలో గుంజలకు వల కట్టినవాడికి పంట. అందరూ అక్కడే కడితే తగవే! అందుకని చీటీలు వేస్తారు. ఇవాళ మంచి చోటు దొరికినవాడు రేపు ఇంకొకరికి వదలాలి. పెద్ద పడవున్నా వంతు వంతే. గొడవొస్తే ఊరిపెద్దలే తీరుస్తారు.

ఇంతవరకూ నాకు బాగా నచ్చింది. మరి చీటీలో పేరు ఎవరికుంటుంది? ఆనవాయితీగా ఒకే కులంవాళ్ళకి, వాళ్ళలోనూ పెళ్ళైన మగవాళ్ళకి. అదే సరస్సులో ఆడవాళ్ళు లోతు తక్కువ నీళ్ళలో దిగి, బురద తడిమి, చేత్తో రొయ్యలు పట్టి తాటాకు బుట్టలో వేసుకుంటారు. వాళ్ళకి చీటీ లేదు.

పేర్లు పెరిగితే ఒక్కొక్కరి వంతూ ఆలస్యమవుతుంది, నిజమే. మొగ ఇసుకతో పూడినప్పుడు రొయ్యలే తగ్గిపోతాయి, అప్పుడు కొత్త పేరు అసలే చేర్చరు. కనీసం ఆ లోతులేని నీళ్ళయినా ఆడవాళ్ళవని ఊరి కట్టుబాటులో రాయాలంటాను.