పాత కిటికీ, కొత్త గోడ

ఈ సంచికకి ఒక కవిత ఇవ్వమని క్లబ్ వాళ్ళు అడిగారు. నాకు కవిత రాదు, కిటికీ వచ్చు. అదే ఇస్తున్నా.

పోయిన వేసవిలో కోనసీమలో మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు పడగొట్టారు. దూలాలు, వాసాలు, తలుపులు అన్నీ పాత కలప కొనేవాళ్ళ లారీ ఎక్కేశాయి. వీధి గది కిటికీ రెక్కలు రెండూ నేను పట్టుకుని వదల్లేదు. "చెద పట్టిన చెక్కలు హాస్టల్‌కి ఎందుకే" అని మావయ్య నవ్వాడు. నిజానికి ఎందుకో అప్పటికి నాకూ తెలీదు. గోడకి తగిలించే బొమ్మగా చేద్దామని తర్వాత అనుకున్నా. మీలో చాలామంది ఊళ్ళలో ఇప్పుడు పాత ఇళ్ళు పడుతున్నాయి కాబట్టి, నేను నేర్చుకున్నది, ముఖ్యంగా పాడుచేసుకున్నది చెప్తాను.

ముందు చెక్కని చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో అంచులన్నీ తట్టండి. గట్టిగా 'టక్' అంటే మంచిదే. డొల్లగా మోగితే లోపల చెద తినేసినట్టు. సన్న కన్నాల్లోంచి పిండిలా రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం, మందు పెట్టకుండా గదిలోకి తేకండి. మాది టేకు కాబట్టి కింది మూల తప్ప అంతా బాగానే ఉంది.

తర్వాత రంగు. ఇక్కడే నేను మొదటి తప్పు చేశా. హాస్టల్ డాబా మీద కూర్చుని శాండ్ పేపర్‌తో పొడిగానే గీకడం మొదలుపెట్టా. ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద ఇంకేదో, పొరలు పొరలుగా దుమ్ము లేచింది. అటుగా వచ్చిన ఒక సీనియర్ అక్క చూసి చేతిలోది లాగేసుకుంది. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంటే మన అమ్మమ్మల కిటికీల మీద ఉన్నదంతా అంతకు ముందుదే. ఆ దుమ్ము పీల్చకూడదు, దాన్ని చిన్నపిల్లల దగ్గరికి అసలు రానివ్వకూడదు. మంటతో కాల్చి రంగు తీయడం ఇంకా ప్రమాదం, ఆ పొగలోనూ సీసం ఉంటుంది.

గీకక తప్పదంటే వాటర్ పేపర్ తెచ్చి, చెక్కని తడుపుతూ గీకండి. కింద ప్లాస్టిక్ పట్టా పరవండి. ముక్కుకి జేబురుమాలు చాలదు, ఎన్95 మాస్క్ కావాలి. పని అయ్యాక అంతా తడిగుడ్డతో తుడవాలి, చీపురు పట్టకూడదు. లేదా అసలు గీకకుండా, లేచిపోయిన పెచ్చుల్ని మాత్రం తడిపి తీసేసి, మిగిలిన రంగు మీద నీళ్ళలాంటి వార్నిష్ రెండు కోట్లు వేయండి. నాకు ఇదే నచ్చింది. దానికి కారణం ఉంది.

మొదటి రెక్క పూర్తిగా గీకేశాను. శుభ్రంగా, కొత్త బల్లలా తయారైంది. రెండోది తిప్పి చూస్తే లోపలివైపు పెన్సిల్ గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అలా వరసలు వరసలు. అమ్మమ్మ పాల లెక్క! అప్పుడు గుర్తొచ్చింది, మొదటి రెక్క మీద కూడా ఏవో మసక గీతలు ఉన్నాయి, మరకలనుకుని నేనే గీకేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. కాబట్టి శాండ్ పేపర్ పట్టుకునే ముందు రెక్కని అటూ ఇటూ తిప్పి, ఎండలో పెట్టి, ఫొటోలు తీసుకోండి. పోయాక మళ్ళీ రాదు.

ఇక అద్దాలు. పాత లప్పం రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. సుద్దపొడి, అవిసె నూనె కలిపి చేసింది అది. ఉలితో కొంచెం కొంచెంగా తీయాలి. నేను తొందరపడి ఒక అద్దం పగలగొట్టా.

అద్దం మీద బొమ్మ వేయాలంటే తంజావూరు వాళ్ళు అద్దం వెనక వేసే పద్ధతి చాలా బాగుంటుంది. మామూలు బొమ్మలో ముందు నేపథ్యం, చివర కనుపాపలు, నగలు. ఇక్కడ అంతా తలకిందులు. ముందు సన్న గీతలు, నగలు, కళ్ళు, ఆ తర్వాత ఒంటిరంగు, ఆఖరున నేపథ్యం. ఎందుకంటే మొదట వేసిందే ముందువైపు నుంచి చూసేవాళ్ళకి పైన కనిపిస్తుంది. తప్పు చేస్తే దిద్దుకునే వీల్లేదు, తుడిచి మళ్ళీ మొదలుపెట్టడమే. రంగు వేసేముందు అద్దాన్ని స్పిరిట్‌తో తుడవండి, వేలిముద్రలున్న చోట రంగు పట్టదు.

నేను పై అద్దం మీద 'వసారా' అని రాద్దామనుకున్నా. ప్రింట్ తీసి, అక్షరాలున్న వైపు అద్దానికి ఆనించి ముందు అతికించి, వెనక నుంచి చూస్తూ రాసేశా. తిప్పి చూస్తే ఏ భాషో తెలీని లిపి! కుడి ఎడమలు మారిపోయాయి. బటర్ పేపర్ మీద ప్రింట్ తీసుకుని, అక్షరాలు బయటివైపుకి ఉండేలా అతికించాలి. అప్పుడు వెనక నుంచి తిరగబడి కనిపిస్తాయి, అలాగే రాస్తే ముందు నుంచి సరిగ్గా వస్తుంది.

తగిలించడం మన సబ్జెక్టే. నా రెక్క 120 సెంటీమీటర్లు పొడవు, 45 వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం. అద్దాలు నాలుగు, ఒక్కోటి 35 బై 24, మందం 3 మిల్లీమీటర్లు. చదరపు మీటరుకి, మిల్లీమీటరు మందానికి అద్దం 2.5 కిలోలు, కాబట్టి అద్దాలే రెండున్నర కిలోలు. టేకు సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 650 కిలోలు అనుకుంటే చెక్క నాలుగు కిలోలు. మొత్తం ఆరున్నర. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఫొటో ఫ్రేమ్‌లా వెనక తీగ కట్టి ఒక్క మేకుకి వేలాడదీస్తే, తీగ అడ్డంగా పోయే గీతతో 10 డిగ్రీల కోణమే చేస్తే, తీగలో లాగుడు దాదాపు 19 కిలోల బరువుకి సమానం. ఫస్టియర్ మెకానిక్స్‌లో చేసిన లెక్కే, బరువుని 2 సైన్ తీటాతో భాగించండి. అందుకే తీగ వద్దు. రెండు చివర్లా రెండు కొక్కాలు పెట్టి, గోడకి రెండు స్క్రూలు దించండి. పైన ప్లాస్టరింగ్‌లోనే ఆగితే ఊడిపోతుంది, ప్లాస్టిక్ ప్లగ్గు ఇటుకలోకి దిగాలి. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, వైర్ల పైపు అక్కడే పోతుంది. మంచం తలవైపు గోడా వద్దు, అద్దం అద్దమే.

పోయిన నెల అమ్మమ్మ మావయ్య వాళ్ళ ఫ్లాట్‌కి వచ్చింది. గీతలున్న రెక్కని అక్కడి హాల్లోనే తగిలించాను, లోపలివైపు బయటికి కనబడేలా. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా వెళ్ళి, వేలితో గీతలు లెక్కపెట్టుకుంటూ చాలాసేపు నిలబడింది.

"నీ పాల లెక్క అమ్మమ్మా" అన్నాను.

"పాల లెక్క ఏంటే పిచ్చిదానా! రోజుకి ఐదు చుట్టలు దాటనని మీ తాతయ్య ఒట్టేశాడు. ఆయన కాల్చినప్పుడల్లా నేను గీత పెట్టేదాన్ని. ఇదుగో చూడు, ఈ వరసలో ఏడున్నాయి."