లాసా అప్సో : చరిత్ర, స్వభావము, పోషణ

మానవునితో మొట్టమొదట చెలిమి చేసిన జంతువు కుక్క. దానిలో వేటకు, మందల కాపలాకు, ఇంటి కావలికి వేరువేరు జాతులు ఏర్పడినవి. చిన్న దేహమును, నేలను తాకు వెండ్రుకలును గల లాసా అప్సో వానిలో నొకటి. మన నగరములలోను దీనిని పెంచువారు కలరు. అందము చూచి ముచ్చటపడువారు అనేకులు. అది ఎచ్చటిది, దానికేమి కావలయును అని విచారించువారు కొలదిమంది. కావున ఆ సంగతులను విద్యార్థి మిత్రుల ముందుంచుచున్నాము.

చరిత్ర

దీని జన్మస్థానము టిబెటు. ఆ దేశపు ముఖ్యనగరమైన లాసా సముద్రమట్టమునకు సుమారు 3,650 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి మఠములలోను, సంపన్నుల గృహములలోను ఈ కుక్కలను పెంచెడివారు. వాకిట పెద్ద మాస్టిఫ్ కుక్క కాపలా యుండగా, లోపల అప్సో చెవి యొగ్గి యుండెడిది. అపరిచితుని అడుగుల సవ్వడి వినిన వెంటనే మొరిగి ఇంటివారిని మేల్కొల్పుట దాని పని.

ఈ కుక్కలను అమ్ముటకంటె గౌరవసూచకముగ కానుక యిచ్చుటయే అచ్చటి ఆచారము. సిక్కింలో బ్రిటిషు రాజకీయ అధికారిగా పనిచేసిన బెయిలీ దంపతులు 1928లో కొన్నింటిని ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. 1933లో 13వ దలైలామా అమెరికావాసులైన కటింగ్ దంపతులకు ఒక జంటను బహూకరించెను. 1935లో అమెరికన్ కెన్నెల్ క్లబ్బు ఈ జాతిని గుర్తించినది.

స్వభావము

ఎత్తు సుమారు 25 నుండి 28 సెంటీమీటర్లు. బరువు 5 నుండి 8 కిలోగ్రాములు. ఆకారము చూచి ఆటబొమ్మ యనుకొనుట పొరపాటు. తరతరముల కావలి బుద్ధి దానిలో నేటికిని కలదు. తనవారియెడ ప్రేమ, క్రొత్తవారియెడ అనుమానము, కొంత మొండితనము దాని లక్షణములు. కొట్టి నేర్పబోయిన బెదరును, లేక ఎదురు తిరుగును. ఓర్పుతో, చిన్ననాటినుండి పదిమంది మధ్య పెంచినచో మర్యాద నేర్చును.

పోషణ

టిబెటు చలికి తగిన ఆ దట్టమైన వెండ్రుకలు మన మైదానముల యెండకు భారమగును. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటచేతనే ముఖ్యముగ అది వేడిమిని పోగొట్టుకొనును. కనుక వేసవిలో వెండ్రుకలను పొట్టిగా కత్తిరింపవలెను. చర్మము కనబడునట్లు గొరిగించినచో ఎండ నేరుగా తగిలి చర్మము కమలును. తెల్లవారుజామున, ప్రొద్దుగ్రుంకిన పిదప మాత్రమే షికారు త్రిప్పవలెను. విపరీతముగ రొప్పుచు, చొంగ కార్చుచు తూలినచో వడదెబ్బ యని గ్రహించి, నీడకు చేర్చి, చల్లని నీటితో తడిపి, గాలి విసరుచు వెంటనే పశువైద్యుని కడకు కొనిపోవలెను.

పొడవు వెండ్రుకలను ప్రతిదినము కుదుళ్ల వరకు దువ్వవలెను. లేనిచో ఉండలు కట్టి చర్మమును లాగును. వాని క్రింద పుండ్లు పడును. ఆ చిక్కులను స్నానమునకు ముందే విడదీయవలెను. తడిసినచో అవి మరింత బిగియును. చెవుల లోపల, వ్రేళ్ల సందులలో గోమార్లు దాగియుండును గనుక వెదకి తీయవలెను.

మన కూరలలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను నశింపజేయును. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండములకు చేటు, చాక్లెట్టు విషతుల్యము. రేబిస్ టీకాను మూడవ నెలలో వేయించి, పిదప వైద్యుని సలహా ననుసరించి మరల మరల వేయించుచుండవలెను.

మన బాధ్యత

8 వారములు నిండని కూనలను అమ్మరాదని 2017 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. పెంచు జంతువు క్షేమమునకు యజమానియే బాధ్యుడని 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము శాసించుచున్నది. ఆకలిదప్పులకు లోనగునట్లు దానిని విడిచిపెట్టుట ఆ చట్టముచే నేరము. మోజు తీరి వీధిలో వదలినచో ఈ కుక్క యవస్థ దుర్భరము. కొలది వారములలో వెండ్రుకలు అట్టలు కట్టి కన్నులను కప్పివేయును. ఇంటిలోపల కావలి కాచుట నెరిగినదే గాని వీధిలో బ్రదుకుట అది యెరుగదు.

ఈ జాతి సాధారణముగ 12 నుండి 15 సంవత్సరములు జీవించును. మన డిగ్రీ చదువు మూడేండ్లది. 18వ యేట కూనను తెచ్చుకొనిన విద్యార్థి చదువు ముగించి, ఉద్యోగమునకు వేరొక ఊరు చేరి, సంసారియైన పిదపకూడ దానికి ప్రతిదినము దువ్వెన పట్టవలసియే యుండును. ఇంటివారందరి సమ్మతి, తీరిక, వైద్యపు ఖర్చు భరింపగల శక్తి ఉన్నవో లేవో మొదటనే ఆలోచించుకొనవలెను. అవి లేనినాడు దూరమునుండి చూచి ఆనందించుటయే ఆ మూగజీవికి మనము చేయగల మేలు.