పైథాన్ కోడ్‌లో కొత్త టైప్ రాత: లింట్ నియమాలతో అమలు చేయడం ఎలా?

ఒకే ప్రాజెక్టు. ఒక ఫైల్లో ‘ఆప్షనల్[ఇంట్]’, పక్క ఫైల్లో ‘ఇంట్ | నన్’. రెండింటి అర్థం ఒకటే: విలువ పూర్ణసంఖ్య కావచ్చు, నన్ కావచ్చు. అయితే ‘ఆప్షనల్’ అన్న మాట చూసి, ఆ ఆర్గ్యుమెంటు ఇవ్వకపోయినా ఫంక్షన్ నడుస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. డిఫాల్ట్ విలువ లేకపోతే నడవదు. ‘ఇంట్ | నన్’ అనే కొత్త రాతలో ఆ పొరపాటుకు తావు లేదు. అందుకే దానికి మారడం మంచిది. ఆ మార్పును టీమ్ జ్ఞాపకశక్తికి వదలకుండా లింటర్‌కు అప్పగించడం ఇంకా మంచిది.

లింటర్ అంటే కోడ్‌ను నడపకుండానే చదివి, తప్పులనూ పాత పద్ధతులనూ పట్టిచ్చే సాధనం. ఇక్కడ రఫ్ అనే లింటర్ వాడదాం. కోడ్ పదాలను తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

1. పైథాన్ వెర్షన్ తేల్చుకోండి

మీ కోడ్ నడవాల్సిన అతి పాత వెర్షన్ ఏది? 2020లో వచ్చిన 3.9తో, టైపింగ్ మాడ్యూల్ నుంచి పెద్ద అక్షరపు ‘లిస్ట్’, ‘డిక్ట్’ తెచ్చుకునే అవసరం పోయింది. చిన్న అక్షరాల్లో నేరుగా ‘లిస్ట్[ఇంట్]’ అని రాయొచ్చు. నిలువు గీత (|) రాత 2021లో 3.10తో వచ్చింది. కనీసం 3.10 ఉంటే ఈ పద్ధతి మొత్తం పనికొస్తుంది.

2. రఫ్ పెట్టుకోండి

ముందు చేతిలో ఉన్న మార్పులన్నీ గిట్‌లో కమిట్ చేయండి. తర్వాత ‘పిప్ ఇన్‌స్టాల్ రఫ్’ చాలు.

3. నియమాలు ఎంచుకోండి

‘పైప్రాజెక్ట్.టామల్’ ఫైల్లో ‘టూల్.రఫ్’ విభాగం కింద టార్గెట్-వెర్షన్‌ను ‘పీవై310’ చేయండి. ‘టూల్.రఫ్.లింట్’ విభాగంలోని ఎక్స్‌టెండ్-సెలెక్ట్ జాబితాలో ఈ అయిదూ చేర్చండి:

- యూపీ006: పెద్ద అక్షరపు ‘లిస్ట్’, ‘డిక్ట్’ను చిన్న అక్షరాలకు మారుస్తుంది.
- యూపీ007: ‘యూనియన్’ స్థానంలో నిలువు గీత పెడుతుంది.
- యూపీ045: ‘ఆప్షనల్’ స్థానంలో ‘| నన్’ రాస్తుంది.
- యూపీ035: కాలం చెల్లిన ఇంపోర్టులను చూపిస్తుంది.
- ఎఫ్401: వాడకం లేని ఇంపోర్టులను తీసేస్తుంది.

‘యూపీ’ అని మాత్రమే రాస్తే ఆ కుటుంబంలోని నియమాలన్నీ ఒకేసారి మీద పడతాయి. మొదటిసారికి ఈ అయిదే చాలు.

4. ముందు చూడండి, తర్వాత దిద్దండి

‘రఫ్ చెక్ --స్టాటిస్టిక్స్’ ఏ నియమం కింద ఎన్ని తగిలాయో లెక్క చెబుతుంది. ‘రఫ్ చెక్ --డిఫ్’ ఫైళ్లను ముట్టుకోకుండా ఏం మారబోతోందో చూపిస్తుంది. తృప్తిగా ఉంటేనే ‘రఫ్ చెక్ --ఫిక్స్’ నడపండి.

5. పరీక్షించి, విడిగా కమిట్ చేయండి

టెస్టులూ, మైపై లాంటి టైప్ చెకరూ నడపండి. ఈ మార్పులతో కొత్త ఫీచర్ కోడ్‌ను ఒకే కమిట్‌లో కలపకండి. అసలు మార్పు వందల లైన్ల మధ్య దాక్కుంటుంది, రివ్యూ చేసేవాళ్ల కంట పడదు. ఆ కమిట్ సంఖ్యను ‘.గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్’ ఫైల్లో రాసి, గిట్ సెట్టింగుల్లో ఆ ఫైలు పేరు ఇస్తే, ఏ లైను ఎవరు రాశారో వెతికేటప్పుడు ఈ కమిట్ అడ్డురాదు.

6. తలుపు గడియ వేయండి

ఇక్కడితో ఆపితే నెల తిరిగేసరికి పాత రాత మళ్లీ చేరుతుంది. ప్రీ-కమిట్‌లోనూ (కమిట్‌కు ముందు నడిచే తనిఖీ), సీఐలోనూ (పుష్ చేసినప్పుడు నడిచే తనిఖీ) ‘రఫ్ చెక్’ చేర్చండి. నిజంగా మినహాయింపు కావాల్సిన లైను పక్కన నియమం సంఖ్యతో ‘నోక్యూఏ’ వ్యాఖ్య పెట్టి, కారణం రాయండి.

జాగ్రత్త

మీరు ఇంకా 3.9లోనే ఉంటే తొందరపడకండి, ముఖ్యంగా పైడాంటిక్ లాంటి లైబ్రరీ వాడుతుంటే. అది ప్రోగ్రామ్ నడుస్తుండగా టైపులను చదువుతుంది. అక్కడ నిలువు గీత ఎదురైతే ఎర్రర్ వస్తుంది. ముందు పైథాన్ వెర్షన్ పెంచుకోండి.

అంతా అయ్యాక ఒక కొత్త బ్రాంచిలో కావాలనే ‘ఆప్షనల్[ఇంట్]’ రాసి, ఈ ఒక్కసారికి ప్రీ-కమిట్‌ను దాటవేసి కమిట్ చేసి పుష్ చేయండి. సీఐ ఎర్రగా మారి యూపీ045 అని చూపిస్తే నియమం పనిచేస్తున్నట్టే. రేపు టీమ్‌లో చేరే కొత్త మనిషికి ఆ సంగతి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. రివ్యూలో మీరు ఆ మనిషితో లాజిక్ గురించే మాట్లాడొచ్చు.