బుష్షు, బంతి, గాలి: మనమే కట్టుకునే ఒక చిన్న ప్రెస్సు

మహానంది కోనేరులో మునిగినవాళ్ళకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఊట నీళ్ళు లోపలికి వస్తూనే ఉంటాయి, బయటికి పోతూనే ఉంటాయి, మట్టం మాత్రం మారదు. బయటికి పోయిన ఆ నీళ్ళే చుట్టుపక్కల అరటి తోటలకి పారతాయి. ఆ పారకం దాటి కొంచెం దూరం వస్తే మళ్ళీ మన సీమే: బోరు, మోటారు, మోటారు రిపేరు.

బోరు పంపులో షాఫ్టు తిరిగేది బుష్షుల్లో. నీళ్ళతో పాటు వచ్చే సన్న ఇసుక బుష్షుని మెల్లగా తినేస్తుంది. షాఫ్టు ఊగుతుంది, పంపు పైకి తియ్యాల్సి వస్తుంది. ఈ బుష్షుల్ని ఎక్కువగా పోసేది గన్‌మెటల్‌తో. సుమారు 88 పాళ్ళు రాగి, 10 పాళ్ళు తగరం, 2 పాళ్ళు జింకు. పేరులోనే ఉంది చూడండి, ఒకప్పుడు ఫిరంగులు పోసిన లోహం ఇది. ఇప్పుడు మన బోర్లలో తిరుగుతోంది.

అసలు చిక్కు ఎక్కడంటే, పోత పోసిన బుష్షుని లేతు మీద కొలత ప్రకారం తోలినా, దాన్ని హౌసింగ్‌లోకి బిగించి దించగానే లోపలి రంధ్రం కొంచెం ముడుచుకుంటుంది. షాఫ్టు పట్టదు. అప్పుడు రీమర్ పెట్టి కోస్తారు, లేదా ఎమరీ పేపరుతో రుద్దుతారు. రుద్దితే రంధ్రం గుండ్రంగా మిగలదు. ఇంకో దారి ఉంది: గట్టి స్టీలు బంతిని రంధ్రం గుండా నెట్టడం. బేరింగు బంతి కొలత మైక్రాన్లలో కచ్చితంగా ఉంటుంది. అది లోహాన్ని కొయ్యదు, అణుస్తుంది. లేతు టూలు వదిలిన సన్న గీతలు చదునై, గోడ నున్నగా వస్తుంది. బంతి దాటాక లోహం కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి, కావాల్సిన కొలత కంటే బంతి కొద్దిగా పెద్దదిగా ఉండాలి. ఎంత పెద్దదో రెండు పాత బుష్షుల మీద చూసుకుంటే తెలుస్తుంది.

కొన్ని దేశాల్లో పోత పోసిన సీసపు తూటాల్ని ఇలాంటి ప్రెస్సుతోనే డై గుండా నెట్టి సైజు చేస్తారు. మన దగ్గర లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మనకి ఆ పని అక్కర్లేదు, బుష్షు చాలు.

ఇక లెక్క. బలం అంటే పీడనం ఇంటూ వైశాల్యం. 63 మి.మీ. బోరున్న ఎయిర్ సిలిండర్‌కి 6 బార్ ఇస్తే సుమారు 1,870 న్యూటన్లు, అంటే 190 కిలోల బరువంత. 100 మి.మీ. సిలిండర్ అయితే సుమారు 4,710 న్యూటన్లు, 480 కిలోలు. వ్యాసం సుమారు 1.6 రెట్లు అయితే బలం రెండున్నర రెట్లు. మేం 100 తీసుకున్నాం. రెండు చానెళ్ళు, మందపాటి బేస్ ప్లేటు, పైన సిలిండర్, ఒక 5/2 వాల్వు, కంప్రెసర్. గాలిలో తేమ పోవడానికి ఫిల్టరు, పీడనం నిలకడగా ఉండటానికి రెగ్యులేటరు. రెగ్యులేటరు చేసే పని అర్థం కావాలంటే కోనేరే గుర్తు తెచ్చుకోండి. వచ్చేది ఎలా ఉన్నా, ఇవతల మట్టం ఒకటే.

మొదటి రోజు బుష్షులు బాగానే వచ్చాయి. రెండు చేతులూ ప్రెస్సు బయట ఉండాలని రెండు బటన్లు పెట్టాం. రెండూ నొక్కితేనే పిస్టన్ దిగుతుంది. పని తొందరలో మా టీములో ఒకడు ఒక బటన్‌కి టేపు అంటించాడు. మేమెవరం వద్దనలేదు. ఒక బుష్షు సరిగ్గా కూర్చోలేదని వాడు ఎడమ చేత్తో సర్దుతూ కుడి చేత్తో నొక్కాడు. పిస్టన్ ఒక్క క్షణం ఆగింది, తర్వాత ఠపీమని కిందికి దూకింది. వేలికి, పిస్టన్‌కి మధ్య వెంట్రుకవాసి. బంతి గచ్చు మీద పడి గోడ దాకా ఎగిరింది. కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు.

ఎందుకు దూకింది? నూనె ప్రెస్సులో నూనె నలగదు, ఎదురు పోగానే దాని తోపు కూడా తగ్గిపోతుంది. గాలి అలా కాదు, అది స్ప్రింగు. బంతి ఇరుక్కుని ఉన్నంతసేపు సిలిండర్‌లో బలం పోగవుతుంది. బంతి బయటపడగానే ఎదురు ఒక్కసారిగా సున్నా అవుతుంది, గాలి ఇంకా నిండుగానే ఉంటుంది. ఆ మిగిలినదంతా ఒక్క దూకులో వదిలేస్తుంది. మేం లెక్క వేసింది బంతిని నెట్టడానికి ఎంత బలం కావాలని. బంతి దాటిన తర్వాతి క్షణం గురించి ఎవరమూ లెక్క వెయ్యలేదు.

తర్వాత నాలుగు మార్పులు చేశాం.

1. ఫ్లో కంట్రోల్ వాల్వుని గాలి లోపలికి వచ్చే వైపు కాకుండా, బయటికి పోయే వైపు పెట్టాం. పిస్టన్ కింద ఉన్న గాలి మెల్లగా పోతుంది కాబట్టి అదే మెత్తలా పనిచేస్తుంది.
2. బంతి బయటపడిన కొన్ని మిల్లీమీటర్లకే పిస్టన్ ఆగేలా గట్టి స్టాపర్ బిగించాం.
3. బటన్ల బదులు అసలైన టూ-హ్యాండ్ వాల్వు పెట్టాం. రెండూ అర సెకను తేడా లోపల నొక్కాలి, రెండూ వదిలితేనే మళ్ళీ పనిచేస్తుంది. టేపు అంటిస్తే ప్రెస్సు కదలనే కదలదు.
4. బంతి పడటానికి కింద ఇసుక డబ్బా, ముందు అడ్డంగా మందపాటి పాలికార్బొనేట్ రేకు.

ఈ మార్పులన్నీ అయ్యాక మా లేతు మేస్త్రికి చూపించాం. ఆయన ప్రెస్సు కంటే ముందు మావాడి చెయ్యి పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టాడు. "ఏమప్పా, బుష్షు పోతే ఇంకోటి పోసుకుంటాం. ఇవి పోత పోసేటివి కాదు" అన్నాడు.

మినీ ప్రాజెక్టు చేసే జూనియర్లకి చెప్పేది ఇంతే. రిపోర్టులో బలం లెక్క రాయండి. దాని పక్కనే, ఎదురు పోయిన క్షణంలో ఏమవుతుందో కూడా ఒక పేరా రాయండి. ఆ పేరా రాయలేకపోతే కంప్రెసర్ ఆన్ చెయ్యకండి.