పైలట్ శిక్షణ: అడ్వాన్సు కట్టేముందు అడగాల్సిన లెక్క

రెండు వందల గజాల స్థలం కొనాలంటే ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు లాయరు చేత చదివించి, హద్దులు కొలిపించుకునే మనవాళ్లే పైలట్ శిక్షణ దగ్గరికి వచ్చేసరికి బ్రోచర్ చూసి అడ్వాన్సు కట్టేస్తున్నారు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్, చేతికి రావడానికి అరకోటికి అటూఇటూగా ఖర్చవుతుంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్ ఖర్చు దానికి అదనం. ఇంత డబ్బు పెట్టేటప్పుడు ఏ స్కూలు మంచిదని నలుగురినీ అడిగే బదులు, స్కూలునే ఒక లెక్క అడగాలి. ఆ లెక్క సరిగ్గా చెప్పని చోట డబ్బు కట్టకూడదు.

ముందు మెడికల్, పేపర్లు

స్కూలు వెతికే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది ఆరోగ్యం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయించుకోవాలి. క్లాస్ 1 లేనిదే సీపీఎల్ ఇవ్వరు. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు కానీ, రంగులు గుర్తించడంలో లోపం ఉంటే ఇక్కడే బయటపడుతుంది. క్లాస్ 2తో చేరిపొమ్మని, క్లాస్ 1 తర్వాత చూసుకోవచ్చని కొన్నిచోట్ల చెబుతారు. ఆ మాట వినకండి. సగం ఫీజు కట్టాక అన్‌ఫిట్ అని తేలితే నష్టపోయేది మీరే.

రెండోది చదువు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది ఇన్నాళ్లుగా ఉన్న నిబంధన. ఎంపీసీ వాళ్లకు ఇబ్బంది లేదు. బైపీసీ చదివినవాళ్లు జాతీయ ఓపెన్ స్కూలులో మ్యాథ్స్ రాసి ఆ లోటు పూడ్చుకోవచ్చు. వీటితోపాటు ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ అనే డీజీసీఏ పేపర్లుంటాయి. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడేందుకు ఆర్‌టీఆర్ పరీక్ష వేరుగా ఉంటుంది.

ఉద్యోగం చేస్తూ పైలట్ కావాలనుకునేవాళ్లకు ఈ దశ ఎంతో కీలకం. మెడికల్‌కూ పరీక్షలకూ రాజీనామా అక్కర్లేదు. రెండు మెడికల్స్ చేతికొచ్చి, ముఖ్యమైన పేపర్లు గట్టెక్కాకే ఉద్యోగం వదలండి. పేపర్లు పాసై చేరినవాళ్ల శిక్షణ వేగంగా సాగుతుంది కూడా. వాతావరణం బాగున్న రోజు మీరు పుస్తకం ముందు కాకుండా విమానం దగ్గర ఉంటారు. మరో మాట. సీపీఎల్‌కు కనీస వయసు 18 ఏళ్లు. ఎయిర్‌లైన్లు మాత్రం తమ నియామక ప్రకటనల్లో గరిష్ఠ వయసు పెడుతుంటాయి. ముప్పై దాటినవాళ్లు ఆ ప్రకటనలు చదివాకే అడుగు వేయాలి.

మీరు కొనేది గంటలు

సీపీఎల్‌కు మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా మీదిగా ఉండాలి. క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి మరో చోటికి ఎగరడం, 20 గంటలు ఉండాలి. అందులో ఒక ప్రయాణమైనా, రెండు వేర్వేరు ఎయిర్‌పోర్టుల్లో దిగుతూ, కనీసం 300 నాటికల్ మైళ్లు సాగాలి. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్, అంటే పరికరాలు చూసి నడపడం, 10 గంటలు చేయాలి. అందులో 5 గంటల వరకు సిమ్యులేటర్ మీద చేసినా చెల్లుతుంది. రాత్రిపూట 5 గంటలు ఎగరాలి, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు చేయాలి. కమాండ్ గంటల్లో 15 గంటలు దరఖాస్తుకు ముందున్న ఆరు నెలల్లోనే ఎగిరినవై ఉండాలి.

ఈ చివరి నిబంధనను చాలామంది పట్టించుకోరు. శిక్షణ సాగీ సాగీ మూడేళ్లు పడితే పాత గంటలు ఈ నిబంధనకు పనికిరావు, కొత్తగా మళ్లీ డబ్బు పెట్టి ఎగరాల్సి వస్తుంది. అంటే ఆలస్యం వల్ల కాలమే కాదు, డబ్బూ పోతుంది. హాస్టల్, భోజనం, బ్యాంకు వడ్డీ ఎటూ నెలనెలా నడుస్తూనే ఉంటాయి.

అందుకే అడగాల్సిన లెక్క ఇది. ఒక స్కూలు దగ్గర కాగితం మీద ఎనిమిది విమానాలున్నాయి అనుకుందాం. కొన్ని మెయింటెనెన్స్‌లో, ఒకటి విడిభాగం కోసం హ్యాంగర్‌లో ఉండగా ఎగిరేవి ఐదు. ఒక్కోటి నెలకు 70 గంటలు తిరిగితే మొత్తం 350 గంటలు. ఫ్లయింగ్ దశలో 70 మంది విద్యార్థులుంటే తలకు వచ్చేది నెలకు 5 గంటలు. 200 గంటలు పూర్తవడానికి 40 నెలలు! అదే ఐదు విమానాలకు పాతికమందే ఉంటే నెలకు 14 గంటలు, పధ్నాలుగు పదిహేను నెలల్లో పని ముగుస్తుంది. రెండు చోట్లా ఫీజు ఒకటే కావచ్చు, బ్రోచర్‌లో ‘పన్నెండు నెలల కోర్సు’ అనే ఉండొచ్చు.

కాబట్టి నాలుగు అంకెలు రాతపూర్వకంగా అడగండి: ఈ రోజు ఎగరగలిగే స్థితిలో ఉన్న విమానాలెన్ని? ఫ్లయింగ్ దశలో ఉన్న విద్యార్థులెందరు? కిందటి పన్నెండు నెలల్లో స్కూలు మొత్తం ఎగిరిన గంటలెన్ని? ఆ ఏడాదిలో సీపీఎల్ పూర్తి చేసినవాళ్లకు, చేరిన రోజు నుంచి సగటున ఎంతకాలం పట్టింది? బాగా నడిచే స్కూలు ఈ అంకెలు దాచదు.

ఐదో ప్రశ్న ఇన్‌స్ట్రక్టర్ల గురించి. విమానాలుండీ నేర్పేవాళ్లు లేక ఆగిపోయే చోట్లున్నాయి. చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఎవరు, ఎంతకాలంగా అక్కడున్నారు, ఏడాదిలో ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లు మానేశారు అని అడగండి. ఆరో ప్రశ్న రెండింజన్ల విమానం గురించి. సీపీఎల్‌తో పాటు మల్టీ ఇంజన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఎయిర్‌లైన్ ఉద్యోగానికి అవసరం. చాలా స్కూళ్లలో రెండింజన్ల విమానం ఒక్కటే ఉంటుంది. అది మరమ్మతుకు వెళ్తే అందరూ కోర్సు చివరి మెట్టు మీద ఆగిపోతారు.

వెళ్లి చూడాల్సినవి

చేరే ముందు కనీసం రెండు రోజులు ఆ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర గడపండి. తెల్లవారుజామున ఎన్ని విమానాలు లేచాయో లెక్కపెట్టండి. ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ కంటే బయట టీ బడ్డీ దగ్గర దొరికే సీనియర్ విద్యార్థులే అసలు సంగతి చెబుతారు. ‘కిందటి నెల ఎన్ని గంటలు ఎగిరావు?’ అని అడిగితే చాలు.

వాతావరణం చూడండి. శిక్షణ ఎక్కువగా కంటితో చూసి నడిపే పద్ధతిలో సాగుతుంది, దానికి మామూలుగా 5 కిలోమీటర్ల దాకా స్పష్టంగా కనబడాలి. ఉత్తరాదిన డిసెంబరు, జనవరి నెలల పొగమంచు, కోస్తా ప్రాంతాల్లో వానాకాలం మబ్బు రోజులకు రోజులు మింగేస్తాయి. ఎయిర్‌పోర్టు రద్దీ కూడా ముఖ్యమే. ప్రయాణికుల విమానాలు ఎక్కువగా వచ్చే చోట శిక్షణ విమానం ఇంజను నడుపుకుంటూ వరసలో ఆగాల్సి వస్తుంది. బిల్లు గంట ఎక్కడ మొదలవుతుందో ముందే తెలుసుకోవాలి: ఇంజను స్టార్టు చేసినప్పటి నుంచా, విమానం కదిలినప్పటి నుంచా?

మన దగ్గర హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయానిది పైలట్ శిక్షణలో పాత చరిత్ర. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కొత్త శిక్షణ సంస్థల కోసం రెండో విడతలో ఎంపిక చేసిన ఐదు ఎయిర్‌పోర్టుల్లో భావ్‌నగర్, హుబ్బళ్లి, కిషన్‌గఢ్, సేలంతో పాటు కడప కూడా ఉంది. ప్రభుత్వరంగంలో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. మహారాష్ట్రలోని గోందియాలోనూ పెద్ద శిక్షణ సంస్థ ఉంది. ఊరు దగ్గరన్న కారణంతో మాత్రం ఎంచుకోవద్దు. అనుమతి జాబితాలో పేరుండటం వేరు, రోజూ విమానాలు లేవడం వేరు.

భద్రత, ర్యాంకులు

డీజీసీఏ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న శిక్షణ సంస్థల జాబితా ఉంటుంది. అనుమతి గడువు ఎప్పటిదాకా ఉందో, మీరు చేరబోయే బేస్‌కు ఆ అనుమతి వర్తిస్తుందో సరిచూడండి. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఈ సంస్థలకు ర్యాంకులు కూడా ఇస్తోంది. మొదటి జాబితాలో పైనున్న ఏ ప్లస్ ప్లస్, ఏ ప్లస్ శ్రేణుల్లో ఒక్క సంస్థా లేదు. ‘మాది దేశంలో నంబర్ వన్’ అనే మాట వినగానే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ తన నివేదికలు బహిరంగంగా పెడుతుంది. స్కూలు పేరుతో వెతికి చదవండి. 2023 అక్టోబరులో మహారాష్ట్రలోని బారామతిలో వారం తిరగకుండా రెండు శిక్షణ విమానాలు కూలితే, డీజీసీఏ ఆ సంస్థ శిక్షణను ఆపేసింది. అలా ఆగినప్పుడు అందులోని విద్యార్థులందరి గంటలూ ఆగిపోతాయి. అందుకే భద్రతను ప్రాణం కోసం, డబ్బు కోసం కూడా చూడాలి.

తక్కువ ఎగిరి ఎక్కువ రాసుకోవడం మరో జాడ్యం. ఈ రంగంలో వాటిని ‘పార్కర్ పెన్ గంటలు’ అని ఎగతాళి చేస్తారు. 2011లో నకిలీ పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు బయటపడి అరెస్టయ్యారు. ‘గంటలు సర్దుతాం’ అనే స్కూలు మీకు సాయం చేయడం లేదు, గాలిలో మీ ప్రాణాన్నీ, నేల మీద మీ కెరీర్‌నూ పణంగా పెడుతోంది.

డబ్బు, ఒప్పందం

ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు. ఎగిరిన గంటలకు అనుగుణంగా వాయిదాలు అడగండి. ఏకమొత్తానికి డిస్కౌంటు ఇస్తామంటే, మీ డబ్బుతో వాళ్ల పాత బాకీలు తీరబోతున్నాయేమో ఆలోచించండి. స్కూలు అనుమతి రద్దయినా, నెలకు ఇన్ని గంటలు ఎగరనివ్వకపోయినా, మీరు మెడికల్‌లో అన్‌ఫిట్ అయినా ఎగరని గంటల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో ఒప్పందంలో రాయించండి. ఇంధనం ధర పెరిగితే ఎవరు భరించాలి, స్కిల్ టెస్టు ఫీజులు, ల్యాండింగ్ చార్జీలు, హాస్టల్, యూనిఫాం ఫీజులో కలిసున్నాయా అన్నదీ రాతలో ఉండాలి. డీజీసీఏ అనుమతి పొందిన సంస్థలు నడిపే ఆమోదిత ఫ్లయింగ్ కోర్సులకు జీఎస్టీ లేదని 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టం చేసింది. బిల్లులో ఆ పన్ను కనిపిస్తే ఎందుకని అడగండి.

విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టే ముందు, లైసెన్సు వచ్చాక ఏడాదిపాటు ఉద్యోగం రాకపోతే వాయిదాలు ఎవరు కడతారో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.

విదేశాలకు వెళ్తే

అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ లాంటి చోట్ల వాతావరణం, విమానాల లభ్యత బాగుండి కోర్సు త్వరగా ముగియవచ్చు. కానీ అక్కడి లైసెన్సు ఇక్కడ నేరుగా చెల్లదు. తిరిగొచ్చాక దాన్ని భారతీయ లైసెన్సుగా మార్చుకోవడానికి డీజీసీఏ పరీక్షలు, మెడికల్, ఇక్కడి విమానం మీద స్కిల్ టెస్టు ఉంటాయి. ఆ ఖర్చు, ఆ నెలలు ముందే లెక్కలో వేసుకోవాలి. కొన్ని దేశాల్లో 200 గంటల కంటే తక్కువకే కమర్షియల్ లైసెన్సు ఇస్తారు. మనకు 200 గంటలూ, 300 మైళ్ల క్రాస్ కంట్రీ, రాత్రి గంటలూ ఉండాల్సిందే. భారతీయ నిబంధనల ప్రకారం గంటలు ఎగరనిస్తారా అని ఆ స్కూలునే మెయిల్‌లో అడగండి, మధ్యలో ఉన్న కన్సల్టెన్సీని కాదు. ఏజెంటుకు కమీషన్ వచ్చేది మీరు చేరినప్పుడు, మీరు లైసెన్సు తెచ్చుకున్నప్పుడు కాదు.

ఎయిర్‌లైన్లే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ కార్యక్రమాలు మరో దారి. ఇండిగోకు ఇలాంటిది ఉంది. ఎయిర్ ఇండియా మహారాష్ట్రలోని అమరావతిలో సొంత శిక్షణ సంస్థ తలపెట్టింది. అది మన అమరావతి కాదు. వీటిలో ఖర్చు ఎక్కువ, ఎంపిక కఠినం, టైప్ రేటింగ్ వరకు దారి మాత్రం స్పష్టం. అయినా ఒప్పందంలో ఉద్యోగం ‘ఇస్తాం’ అని ఉందా, ‘ఖాళీలను బట్టి పరిశీలిస్తాం’ అని ఉందా చదువుకోండి.

చివరిగా, ఉద్యోగాల సంగతి. పైలట్ల కొరత ఉందని వార్తలు వస్తున్న కాలంలోనే, 2023లో డీజీసీఏ ఒక్క ఏడాదిలో 1,600 పైచిలుకు సీపీఎల్‌లు ఇచ్చింది. కొరత ఎక్కువగా ఉన్నది అనుభవజ్ఞులైన కెప్టెన్లకు, 200 గంటల కొత్తవాళ్లకు కాదు. కొత్తవాళ్లలో ఎయిర్‌లైన్ పరీక్ష, సిమ్యులేటర్ తనిఖీ నెగ్గేది నేల మీద పాఠం గట్టిగా చదివి, గాలిలో గంటలు నిజంగా ఎగిరినవాళ్లే. కాబట్టి హంగులు చూసి స్కూలును ఎంచుకోకండి. కిందటి ఏడాది లెక్కలు లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చే స్కూలులో చేరండి. ఇవ్వని చోటు ఎంత పేరున్నదైనా అడ్వాన్సు కట్టకుండా వెనక్కి వచ్చేయండి.