యూరియా బస్తాకు రెండు ధరలు

యూరియా నల్లబజారు అనగానే మనము దుకాణదారు ఒక్కనినే తలచుకొందుము. దురాశ ఒక్కటే కారణమైనచో ఉప్పుకు కూడ నల్లబజారు ఉండవలెను గదా! ఒకే వస్తువు రెండు ధరలకు దొరకు చోట ఈ వ్యాపారము పుట్టును.

వేప పూత యూరియా 45 కిలోల బస్తాకు రైతు చెల్లించునది సుమారు 266 రూపాయలు. దానికి అనేక రెట్లు ప్రభుత్వము సబ్సిడీగా భరించుచున్నది. ప్లైవుడ్డు అంటించు జిగురుకు కూడ యూరియా కావలెను. ఆ కర్మాగారములు దానిని సబ్సిడీ లేని ధరకు కొనవలెను. కనుక పొలమునకు రావలసిన బస్తాను దారి మళ్లించినవానికి గొప్ప లాభము. 2015లో యూరియా అంతటికి వేప పూత తప్పనిసరి చేయుటకు ఇదియు ఒక కారణము. మళ్లింపు కష్టమైనది గాని ఆగలేదు.

2018 నుండి దేశమంతట వేలిముద్ర యంత్రము ద్వారా అమ్మకము జరుగుచున్నది. మన పాత్ర ఇక్కడనే. “ఈసారి నీకెటూ అంత యూరియా అక్కరలేదు గదా బావా, కాస్త వేలు పెట్టి పో, ఖర్చులకు ఏదో ఇస్తాలే” అన్న మాటకు ఒప్పుకొన్నవాడు తానేమియు దొంగిలింపలేదనుకొనును. లెక్కలో ఆ బస్తాలు పొలమునకు చేరినట్లే. చేరలేదని పొరుగు రైతు ఒక్కనికే తెలియును.

2025 ఖరీఫులో తెలుగు జిల్లాలలో రైతులు చెప్పులు, పాసుబుక్కులు వరుసలో పెట్టి వేచియుండిరి. మళ్లింపు ఒక్కటే కారణము కాదు, సరఫరాయే చాలలేదు. కాని కొరతనాడు దారి తప్పిన బస్తా విలువ రూపాయలలో తేలదు. వరికి దుబ్బు చేయు దశలో అందవలసిన నత్రజని అందకున్న పిలకలు తగ్గును. ఆలస్యముగా రెండింతలు వేసినను పోయిన పిలకలు రావు.

ధర పెరుగరాదన్న చోట అది వేరొక వేషములో పెరుగును. అక్కరలేని మందు కొంటేనే యూరియా అనుట ఒక వేషము. వరుసలో పోయిన రెండు రోజుల కూలి మరొకటి. ధర పెరిగినచో నిజముగా అవసరమైనవానికే సరుకు చేరునని కొందరి వాదము. చేరునది డబ్బున్నవానికి. కౌలురైతు చేత నగదు లేదు, తన పేర పాసుబుక్కు లేదు.

పైరు పాడగునని భయపడి వంద ఎక్కువిచ్చి కొన్న రైతును నేను తప్పు పట్టలేను. వేలు అమ్ముకొన్నవాని సంగతి వేరు.

బస్తా తీసికొనునప్పుడు యంత్రమిచ్చు రశీదు అడుగుడు. మీ పేర ఎన్ని బస్తాలు పడినవో చూడుడు. మూడు తీసికొనగా ఐదు పడియుండినచో ఆ రశీదును వెంటనే మండల వ్యవసాయాధికారికి చూపుడు.