గాలి తోసే ముందు: టర్బో, సూపర్‌ఛార్జర్ల మీద నా అనుభవ పాఠాలు

టర్బో పెట్టించనా, సూపర్‌ఛార్జర్ పెట్టించనా? స్పోర్ట్స్ కారు కొన్న కుర్రాళ్లు ముందు ఈ ప్రశ్నే అడుగుతారు. అమెరికాలో ఇంజిన్ల మధ్యే తల నెరిసినవాణ్ణి కాబట్టి నా దగ్గరికి వస్తారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉంటారు. చాలామంది చేతిలో ఉండేది టయోటా 86. ఇక్కడ మొదట్లో దాన్ని సయాన్ ఎఫ్ఆర్-ఎస్ పేరుతో అమ్మారు. సుబారు బీఆర్‌జెడ్ దానికి కవల. ఆ బండినే ఎదురుగా పెట్టుకుని నాకు తెలిసింది చెబుతాను.

1. రెండూ చేసేది ఒకే పని. ఇంజిన్ తనంతట తాను పీల్చుకోగలిగినదానికంటే ఎక్కువ గాలిని లోపలికి తోస్తాయి. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, శక్తి పెరుగుతుంది. సూపర్‌ఛార్జర్‌ను క్రాంక్ షాఫ్ట్ బెల్టు ద్వారా తిప్పుతుంది, అంటే అది తెచ్చే శక్తిలో కొంత తానే తినేస్తుంది. టర్బోను సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తిప్పుతుంది. పారేసే పొగే కదా, ఆ శక్తి ఊరికే వచ్చినట్టేనని కొందరు వాదిస్తారు. పూర్తిగా ఊరికే రాదు. పొగకు అడ్డంగా టర్బైన్ చక్రం ఉంటే ఆ పొగను బయటికి నెట్టడానికి పిస్టన్ కష్టపడాలి. అయినా లెక్క చూస్తే టర్బోకే పొదుపు ఎక్కువ. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ తీసుకున్నది ఈ ఆలోచన మీదే.

2. ఎంత శక్తి వస్తుందని అడిగే ముందు, ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందని అడగండి. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి.

పాత 86లో 2 లీటర్ల ఇంజిన్ ఉంటుంది. 200 హార్స్‌పవర్ ఇస్తుంది, కానీ 7000 ఆర్‌పీఎం దగ్గర. మధ్యలో, సుమారు 3500 నుంచి 4500 వరకు, టార్క్ ఒక్కసారి కుంగుతుంది. కొండదారిలో మలుపు దాటి యాక్సిలరేటర్ నొక్కేటప్పుడు ముల్లు సరిగ్గా అక్కడే ఉంటుంది. ఈ బండివాళ్లు పికప్ లేదని వాపోయేది ఆ ఒక్క చోటే. ఆ గుంత పూడిస్తే వాళ్లలో సగం మంది సంతృప్తి పడిపోతారు.

సూపర్‌ఛార్జర్లు కూడా అన్నీ ఒక్కటి కావు. రూట్స్ రకం, జంట స్క్రూల రకం ప్రతి చుట్టుకూ లెక్కగా ఇంత అని గాలి తోస్తాయి. అందుకే కాలు నొక్కిన క్షణం నుంచే బూస్ట్ (లోపలికి తోసే గాలి అదనపు ఒత్తిడి) ఉంటుంది. సెంట్రిఫ్యూగల్ రకం అలా కాదు. దాని లోపల ఉండేది టర్బోలో ఉండే కంప్రెసర్ చక్రమే, తిప్పేది మాత్రం బెల్టు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ పెరుగుతుంది, కింద దాదాపు ఏమీ ఉండదు. సూపర్‌ఛార్జర్ అన్న పేరు చూసి కింద పికప్ వస్తుందని దీన్ని కొనేసి, తర్వాత దిగాలు పడినవాళ్లను చూశాను. కిట్ కొనేముందు ఏ రకమో తప్పకుండా అడగండి.

టర్బోలో అంతా సైజును బట్టే. చిన్న టర్బో త్వరగా తిరుగుతుంది కానీ పైన ఊపిరి అందదు. పెద్దదానికి పైన బలం ఉంటుంది, కింద ఆలస్యం. 1970ల పోర్షే 911 టర్బో మలుపుల్లో భయపెడుతుందన్న పేరు తెచ్చుకున్నది ఈ ఆలస్యం వల్లే. డ్రైవరు అడిగిన కాసేపటికి శక్తి ఒక్కసారిగా వచ్చి పడేది, అప్పటికి బండి మలుపు మధ్యలో ఉండేది. ఇప్పటి టర్బోలు చాలా మెరుగు. అయినా తేలికైన బండికి, వంకర దారికి కాలి మాట వెంటనే వినే ఇంజినే కావాలని నా గట్టి నమ్మకం.

3. మీ ఇంజిన్ కంప్రెషన్ ఎంతో తెలుసుకోండి. 86ది 12.5:1. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఏర్పాటు ఉంది కాబట్టి కంపెనీ అంత ఎత్తుకు వెళ్లగలిగింది. దాని మీద మళ్లీ బూస్ట్ అంటే నాకింగ్‌కు, అంటే పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడానికి, దగ్గరగా నడవడమే. అర బార్ బూస్ట్ దరిదాపుల్లో ఆగండి.

ఇంకో చిక్కు, దీని కనెక్టింగ్ రాడ్లు సన్నం. రాడ్లను వంచేది చాలావరకు హార్స్‌పవర్ కాదు, తక్కువ ఆర్‌పీఎంలో మీద పడే టార్క్. చిన్న టర్బో పెట్టి 3000 దగ్గరే పూర్తి బూస్ట్ అడిగితే జరిగేది అదే. చక్రాల దగ్గర 300 హార్స్‌పవర్ దాటాలనుకునేవారు రాడ్లు, పిస్టన్లు మార్చడానికి సిద్ధపడి మొదలుపెట్టాలి.

4. మీ ఊళ్లో దొరికే పెట్రోలును బట్టే ట్యూనింగ్. టెక్సస్‌లో బంకుల్లో 93 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది, కాలిఫోర్నియాలో మామూలుగా 91తో సరిపెట్టుకోవాలి. ఇండియా నుంచి అడిగేవారికి ఒక హెచ్చరిక: అక్కడి 91, ఇక్కడి 91 ఒకటి కావు. కొలిచే పద్ధతి వేరు. ఇండియాలో 91 అంటే ఇక్కడ సుమారు 87. అమెరికా ట్యూన్‌ను ఉన్నదున్నట్టు అక్కడి బండిలో ఎక్కించకండి.

నాకింగ్ మాట వస్తే 1962 నాటి ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో అదొకటి. కంప్రెషన్ 10.25:1 ఉంచి, నాకింగ్ ఆపడానికి నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మేవారు. యజమానులు ఆ ట్యాంకు నింపడం మరిచిపోయేవారు. చివరికి ఎన్నో బండ్లకు టర్బోలు పీకి మామూలు కార్బ్యురేటర్లు బిగించారు. ఇంజినీర్ల ఆలోచనలో లోపం లేదు. రోజూ బండి నడిపే మనిషిని లెక్కలోకి తీసుకోలేదంతే.

5. వేడి గురించి ఎంత చెప్పినా తక్కువే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడి గాలి పలచబడి నాకింగ్ తెస్తుంది. ఇంజిన్ నెత్తిన కూర్చునే రూట్స్ సూపర్‌ఛార్జర్ ట్రాక్ మీద వరసగా చుట్లు కొడితే వేడి పట్టి శక్తి కోల్పోతుంది. టర్బో బానెట్ కింద ఎర్రగా కాలుతుంది. పక్కన ఉన్న వైర్లను, రబ్బరు గొట్టాలను అది మాడ్చకుండా కవచాలు కావాలి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దానికి ఆసరా పలచటి ఆయిల్ పొర ఒక్కటే. గట్టిగా నడిపి వెంటనే ఆపేస్తే ఆ ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఇల్లు చేరే ముందు చివరి కొంత దూరం నెమ్మదిగా నడపండి. ఆయిల్ మార్పుకు గడువు తగ్గించండి. టెక్సస్ ఎండలో, నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దగ్గర కక్కుర్తి పడేవాళ్లంటే నాకు నిజంగా బాధ.

6. డెన్వర్‌లాంటి ఎత్తు ప్రదేశంలో ఉంటే టర్బో. సూపర్‌ఛార్జర్ పుల్లీ లెక్క మారదు కాబట్టి పలచటి గాలితో బూస్ట్ పడిపోతుంది. టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు చాలావరకు పూడుస్తుంది.

7. కిట్ ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేయకండి. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, ట్యూనింగ్, క్లచ్, బ్రేకులు అన్నీ వెంట వస్తాయి. కాలిఫోర్నియాలో అక్కడి వాయు వనరుల బోర్డు అనుమతి నంబరు లేని కిట్ పొగ పరీక్ష దాటదు. ఇండియాలోనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. హైదరాబాద్‌లో ఉండి అడిగేవారికి నేను ముందు చెప్పేది ఇదే.

8. నా సలహా ఏమిటంటారా? రోజూ నడిపే 86కి, వారాంతం కొండదారులకు తక్కువ బూస్ట్‌తో స్క్రూ రకం సూపర్‌ఛార్జర్ పెట్టించండి. అంకె పెద్దది కావాలంటే, ఇంజిన్ విప్పి రాడ్లు మార్చే ఓపిక ఉంటే టర్బో. ఆ పోటీలో టర్బోదే గెలుపు. కార్వెట్ జడ్ఆర్1 2019లో సూపర్‌ఛార్జర్‌తో 755 హార్స్‌పవర్ ఇచ్చింది. 2025 మోడల్‌లో జంట టర్బోలతో 1064కి చేరింది, అదీ చిన్న ఇంజిన్‌తో.

డబ్బు కట్టే ముందు 2022 జీఆర్ 86 ఒకసారి నడిపి చూడండి. కంపెనీ దానికి టర్బో పెట్టలేదు, సూపర్‌ఛార్జరూ పెట్టలేదు. ఇంజిన్‌నే 2.4 లీటర్లు చేసింది. పాతదాంట్లో గరిష్ఠ టార్క్ 6400 దాకా వచ్చేది కాదు, దీంట్లో 3700కే వస్తుంది. మీ పాత బండికి వచ్చే ధర, కిట్ ఖర్చు, బిగింపు కూలి కలిపి కాగితం మీద వేసి, దీని ధర పక్కన పెట్టి చూడండి.